వానొస్తే ముడసర్లోవకి వెళ్ళాలి

మా ఆదివారం నడక గుంపులో వానాకాలం వచ్చిందంటే తెల్లవారుజామునే వాట్సాప్ మోగుతుంది. "వాన పడుతోంది, ఇవాళ ఉందా లేదా?" అని ఒకరు. వెంటనే దుప్పటి కప్పుకున్న బొమ్మలు, దండం పెడుతున్న బొమ్మలు, "వచ్చే వారం చూద్దాంలెండి" అనే సర్దుబాట్లు. నేను మాత్రం ప్రతిసారీ ఒకటే రాస్తాను. ఉంది. పిడుగులు లేకపోతే ఉంది. ముడసర్లోవ రిజర్వాయరుకి వెళ్దామనుకున్న రోజైతే తప్పకుండా ఉంది.

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే ఇది మొండిపట్టులా వినిపిస్తుంది. అందుకే విడమరిచి రాస్తున్నాను. ఎండ రోజు రిజర్వాయరు దగ్గరికి వెళ్తే మనకి కనిపించేది నిలవున్న నీళ్ళు, అంతే. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి, దేని మీంచి జారి వచ్చాయి, వస్తూ వస్తూ ఏం మోసుకొచ్చాయి అన్నది వాన పడుతుండగా అక్కడ నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. విశాఖలో కొళాయి తిప్పే ప్రతి మనిషీ వానాకాలంలో ఒక్కసారైనా ఆ గట్టు మీద నడవాలి. ఈ మాట మీద ఎంతసేపైనా వాదిస్తాను.

తెలియనివాళ్ళ కోసం చోటు ఎక్కడో చెప్తాను. హనుమంతవాక దగ్గర హైవే దిగి ఆరిలోవ మీదుగా అడవివరం వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది ముడసర్లోవ. ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క కంబాలకొండ అడవి. మధ్యన పార్కు, పార్కుని ఆనుకుని రిజర్వాయరు. ఊరికి నీళ్ళిచ్చిన పాత వనరుల్లో ఇదొకటి. ఇప్పుడు మనం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం చాలా దూరాల నుంచి వస్తున్నాయి. తాటిపూడి నుంచి గోస్తనీ నీళ్ళు, రైవాడ నుంచి శారదానది నీళ్ళు, ఏలేరు కాలువలో 150 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చే నీళ్ళు. మేఘాద్రిగెడ్డ ఊరి అంచునే ఉంది. వీటన్నిటి ముందు ముడసర్లోవ చిన్నదే. కానీ కొండా, వాగులాంటి గెడ్డా, గట్టూ, నీళ్ళు వదిలే మదుమూ అన్నీ ఒక్క పూట నడకలో చూడగలిగేది ఇక్కడే. ఏలేరు నీళ్ళ పుట్టుక చూడాలంటే జిల్లాలు దాటాలి. ఇక్కడ రోడ్డు మీద నిలబడి తలెత్తితే చాలు, వాన ఏ కొండ మీద పడుతోందో, ఏ సందులోంచి దిగుతోందో కంటికి తెలుస్తుంది.

నీటి మీద పరిచిన సోలార్ పలకల్ని చూసే చాలామందికి ఈ చోటు గుర్తు. 2018లో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇక్కడ 2 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పెట్టింది. కింద నీళ్ళుండటం వల్ల పలకలు మరీ వేడెక్కవు, కరెంటు కాస్త మెరుగ్గా వస్తుంది. పలకల నీడ పడినంత మేరా నీళ్ళు తక్కువ ఆవిరవుతాయి. నాకు ఆ ఏర్పాటు నచ్చింది. నా ఫిర్యాదల్లా వచ్చినవాళ్ళ గురించే. పలకల్ని వెనకాల పెట్టుకుని ఫోటో తీసుకుంటారు, నీళ్ళ వైపు చూడకుండానే వెళ్ళిపోతారు.

ఇక వాన సంగతి. మనం భయపడే వాన ఏదో, నిజంగా పడే వాన ఏదో ముందు తేల్చుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే అది మోస్తరు వాన. 64.5 దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.4 మించితే అత్యంత భారీ వర్షం. పేపర్లో "ఉత్తరాంధ్రలో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అని పడిందంటే అది నడకకి వీలైన రోజు. ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ వచ్చిన రోజున ఎవరూ కదలకూడదు. ఆ విషయంలో బేరాల్లేవు. ఎల్లో అంటే కళ్ళు తెరుచుకుని ఉండమని. మా గుంపులో సగం మంది ఎల్లో అన్న మాట చూడగానే దుప్పటి లాక్కుంటారు. కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉన్న ఊరు మనది. ఏ మబ్బు ఎటు కదులుతోందో ఫోన్లో చూసుకునే వీలుంది. చూసి నిర్ణయించుకోవడం ఒకటీ, కిటికీ చప్పుడు విని మానేయడం ఒకటీ.

పిడుగు విషయంలో మాత్రం నేను మహా చాదస్తుణ్ణి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపల ఉరుము వినిపించిందంటే నడక ఆగిపోయినట్టే. చెట్ల కిందికి పరిగెత్తకూడదు, గట్టు మీద నిలబడకూడదు, పక్కా కప్పున్న చోటికో కారులోకో చేరి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఇది మా గుంపులో అందరికీ కంఠతా వచ్చు. పిల్లలు గట్టిగా లెక్కపెడతారు కూడా.

ఇంకో లెక్క ఉంది. నన్ను వానలో బయటికి లాక్కెళ్ళేది అసలదే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. చదరపు కిలోమీటరు మీద పడితే 10 లక్షల లీటర్లు. మోస్తరు వాన, 20 మిల్లీమీటర్లే అనుకుందాం, ఒక్క చదరపు కిలోమీటరు కొండవాలు మీద పడితే 2 కోట్ల లీటర్లు. మన వీధిలోకి వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లదైతే, అలాంటివి 4,000 ట్యాంకర్లు. ఒక్క పొద్దున, మనం దుప్పట్లో ఉండగా, అంత నీరు కొండ మీద దిగుతుంది. అందులో ఎంత రిజర్వాయరు చేరుతుంది, ఎంత నేలలో ఇంకుతుంది, ఎంత డ్రైనేజీలో పడి సముద్రానికి పోతుంది అన్నది ఆ నేల మీద ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. ఆకు రాలిన అడవి నేల అయితే మొదట మెత్తగా పీల్చుకుంటుంది, పీల్చుకున్నది మెల్లగా వదులుతుంది. మన కొండలు ఖోండలైటు రాయి. ఎండకీ వానకీ బీటలిచ్చి, ఎర్రబారి, పొరలు పొరలుగా విచ్చుకునే రాయి. ఆ బీటల్లో దిగిన నీరే ఎక్కడో కింద ధారగా బయటపడుతుంది. సింహాచలం మీద గంగధార, కొండకి ఇవతల మాధవధార అలా వచ్చినవే. అదే వాలుని చదును చేసి సిమెంటు పరిస్తే, పడ్డ చినుకు పడ్డట్టే పరుగెత్తుకుంటూ కిందికొస్తుంది.

ఈ తేడా పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. మాకు ఎక్కింది ఒక ఆషాఢం ఆదివారం.

ఆ రోజు పొద్దున్న ముసురు. హోరున పడేది కాదు, ఆగేదీ కాదు. ఆర్ద్ర కార్తె వెళ్ళి ఎంతో కాలం కాలేదు, గడ్డిలో ఇంకా ఒకటీ అరా ఆరుద్ర పురుగులు ఎర్రటి మఖమల్ ముక్కల్లా కదుల్తున్నాయి. గేటు దగ్గర టీ కాస్తున్నావిడ మమ్మల్ని చూసి, "ఏటండి బాబూ, ఇంత వానలో వచ్చీసేరు?" అని ఆశ్చర్యపోయింది. మా గుంపులో వాటర్ వర్క్స్‌లో చేసి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. "వానకి జడిసి ఇంట్లో కూకుంటే నీళ్ళెలా వస్తాయమ్మా" అన్నారాయన. ఆవిడ నవ్వి, అల్లం ఎక్కువ వేసి ఇచ్చింది. గుంపంటే పెద్దదేం కాదు. మాస్టారు, ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న మా వీధి అమ్మాయి, డిగ్రీ చదివే కుర్రాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న ఒక పిన్నిగారు, ఆవిడ మనవరాలు.

పార్కు లోపలి నుంచి మొదలుపెట్టి గట్టు వైపు తిరిగాం. చుట్టూ నడక అని అంటాం గానీ పూర్తిగా చుట్టి రాం. కొండ వైపు అడవి, అటు అడుగు పెట్టం. కంబాలకొండ అభయారణ్యం. చిరుతలు తిరిగే చోటు. మన నడక కోసం వాటికి ఇబ్బంది కలిగించనక్కర్లేదు. గట్టు మీద నుంచి అవతలి ఒడ్డు చూస్తే కొండ సగం మబ్బులో ఉంది. నీటి మీద చినుకులు పడుతుంటే బుడుబుంగ ఒకటి మునిగి, ఎక్కడ తేలుతుందా అని మేమంతా వెతుకుతుంటే, అనుకోని చోట తేలింది. వానలో మనుషులు తక్కువ మాట్లాడతారు. రెయిన్‌కోటు టోపీ చెవుల మీద ఉంటే పక్కవాడి మాట సరిగ్గా వినబడదు కాబట్టి, ఎవరికి వాళ్ళు చూడటం మొదలుపెడతారు. ఎండ రోజున ఇదే గట్టు మీద రాజకీయాలు, షుగరు మాత్రలు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు తప్ప ఇంకో మాట వినను.

గెడ్డ దిగే చోటు ముందు చూశాం. కొండ వైపు నుంచి వస్తున్న సన్నటి పాయ. రాళ్ళ మధ్య ఆకులు అడ్డం పడి చిన్న చిన్న మడుగులు కట్టింది, ఒక మడుగు నిండి రెండో దాంట్లోకి దిగుతోంది. నీళ్ళ రంగు పల్చటి టీ డికాక్షన్ రంగు, అడుగు గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. అక్కణ్ణించి రోడ్డు వైపు నడిస్తే, రోడ్డు మీద పడిన వానంతా కాలువ కట్టి వస్తున్న చోటుంది. అక్కడ నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. పైన నూనె తెట్టు, గుట్కా ప్యాకెట్లు, థర్మాకోల్ ముక్కలు. రెండూ చేరేది ఒకే లోతట్టుకి.

పిన్నిగారి మనవరాలి దగ్గర ఖాళీ నీళ్ళ సీసాలు ఉన్నాయి. మాస్టారు ఆ పిల్లని పిలిచి, "అమ్మలూ, జారకుండా ఇక్కడ నిలబడి ఒకటి నింపు. అక్కడికెళ్ళాక ఇంకోటి నింపుదాం. రెండూ కదపకుండా పట్టుకోవాలి, సరేనా?" అన్నారు. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి రేకుల కప్పు కింద కూర్చుని ఇడ్లీ తినేదాకా సీసాలు బల్ల మీద ఉన్నాయి. కొండ గెడ్డ నీళ్ళ సీసా అడుగున గోరంత మందాన నల్లటి నుసి దిగింది, పైన నీళ్ళు తేటపడ్డాయి. రోడ్డు నీళ్ళ సీసా అడుగున రెండు వేళ్ళ మందం ఎర్రమన్ను పేరుకుంది. అయినా పైన నీళ్ళు తేటపడలేదు, అలాగే పాలిపోయిన ఎరుపులో ఉన్నాయి. పిల్ల మళ్ళీ మళ్ళీ సీసా మీద వేలు పెట్టి కొలిచింది.

అప్పుడు మాస్టారు చెప్పినవి నాకు చాలా రోజులు గుర్తుండిపోయాయి. ఫిల్టర్ హౌసుకి వచ్చే నీళ్ళలో మన్ను పెరిగితే పటిక మోతాదు పెంచాలి. ఎంత పెంచాలో తెలియడానికి ఆరు గాజు బీకర్లలో నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత నిమ్మళంగా తిప్పుతారు. మన్ను పొగమంచు ముద్దల్లా ఒకచోట చేరి ఏ బీకరులో బాగా కిందికి దిగితే ఆ మోతాదు. మరీ తక్కువ వేస్తే మన్ను దిగదు, మరీ ఎక్కువైనా పని చెడుతుంది. "జోరువాన పడితే గంటగంటకీ చేసేవాళ్ళం. పొద్దున్న పనికొచ్చిన మోతాదు మధ్యాహ్నానికి పనికిరాదు. ఊరంతా పకోడీలు తింటుంటే మాకు ఓవర్‌టైము" అన్నారు. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం మడ్డితనం 1 యూనిట్ లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. పిల్ల చేతిలో సీసా చూపించి, "దీన్ని అక్కడికి తేవాలన్నమాట" అన్నారాయన. నర్సమ్మాయి అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. "మేం వార్డులో విరేచనాల కేసులు లెక్కపెడతాం మాస్టారూ, మీరు అక్కడ బీకర్లు లెక్కపెట్టేవారన్నమాట" అంది.

రెండు సీసాలతో శాస్త్రం రుజువైపోదని నాకు తెలుసు. ఋతువులో మొదటి వానలకి కొండ గెడ్డ కూడా బూడిదా చెత్తా మోసుకొచ్చి మురికిగానే ఉంటుంది, నాలుగు వానలు పడ్డాక తేటపడుతుంది. రోడ్డు నీళ్ళు ఒక్కో రోజు ఒక్కోలా ఉంటాయి. అయినా సరే, ఆ సీసాలు చూసినవాళ్ళు కొండవాలు మీద ప్రొక్లెయినరు కనిపిస్తే ఊరుకోరు. ఆ వాలు మీద మట్టి కదిలిందంటే అది ఏ సీసా అడుగున తేలుతుందో వాళ్ళకి తెలుసు. మేటవేసిన ప్రతి గంప మన్నూ రిజర్వాయరులో ఒక గంప నీళ్ళ చోటు తినేస్తుంది. ఆ చోటు మళ్ళీ కావాలంటే పూడిక తీయాలి, దానికి డబ్బు కావాలి, తీసిన మన్ను పోయడానికి ఇంకో స్థలం కావాలి.

ఇంతా చెప్పాక కూడా మా గుంపులో అభ్యంతరాలున్నాయి. వాటిలో కొన్ని న్యాయమైనవి.

తడిస్తే జలుబు చేస్తుందన్నది నేను ఒప్పుకోను. జలుబు వైరస్ వల్ల వస్తుంది. కిటికీలు మూసుకుని పదిమంది ఒకే గదిలో కూర్చుంటే వచ్చే అవకాశమే ఎక్కువ. తడి బట్టలతో గంటలకొద్దీ ఉండకూడదు, అంతవరకే నిజం. జారిపడతామన్న భయం నిజమైనదే. నాచు పట్టిన మెట్ల మీద ఎంత జాగ్రత్తపడ్డా జారుతుంది. దానికి మేం పాటించే పద్ధతి చాలా పాతది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుంటారు. మా పిన్నిగారు ఏ అడుగు వేస్తే మేమంతా ఆ అడుగే. ఆఖరున ఒక కుర్రాడు, వాడు దాటిపోయాడంటే వెనక ఎవరూ మిగల్లేదని. ఇలా నడిస్తే వ్యాయామం ఏముందని జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు అడుగుతారు. వ్యాయామానికి బీచ్ రోడ్డు ఉంది, పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు, పరుగెత్తొచ్చు. ఇక్కడికొచ్చేది చూడటానికి. పాముల భయం ఉన్నవాళ్ళకి దారి దాటొద్దని, గడ్డిలో చెయ్యి పెట్టొద్దని చెప్తాం. కాళ్ళకి పుండ్లున్నవాళ్ళు నిలవ నీళ్ళలో అడుగు పెట్టకూడదు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ వానాకాలపు జబ్బు. ఇవన్నీ జాగ్రత్తలే. నడక మానేయడానికి ఇవి కారణాలు కావు.

అయితే నర్సమ్మాయి అన్న మాటకి నా దగ్గర సులువైన జవాబు లేదు. "మీరు మగాళ్ళు, తడిసిన టీషర్టుతో బండెక్కి వెళ్ళిపోతారు. నేను ఒంటికి అతుక్కుపోయిన చుడీదారుతో సిటీ బస్సెక్కి ఎలా వెళ్ళాలన్నయ్యా?" అంది. రెయిన్‌కోటు వేసుకున్నా చీలమండలదాకా తడుస్తుంది, గాలికి పక్కలూ తడుస్తాయి. ఊళ్ళో పార్కులు ఇన్ని ఉన్నాయి, ప్రతిదానికీ ముఖద్వారం దగ్గర "ఐ లవ్" అక్షరాలున్నాయి, రంగు దీపాలున్నాయి. ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళి బట్టలు మార్చుకునే శుభ్రమైన గది ఎన్నిటికి ఉంది? తాళం వేయని మరుగుదొడ్డి ఎన్నిటికి ఉంది? వానలో నడవమని ఊరంతా ప్రచారం చేసే నాలాంటివాళ్ళు ముందు దీని గురించి గట్టిగా మాట్లాడాలి. ప్రస్తుతానికి మా గుంపులో ఒకరు కారు తెస్తారు, ఆడవాళ్ళ పొడి బట్టల సంచులు అందులో పెడతాం, టీ దుకాణం ఆవిడ వెనక గది ఇస్తుంది. ఒకావిడ మంచితనం మీద నడుస్తున్న ఏర్పాటు అది. దాన్ని పరిష్కారం అనలేం.

వానలో నడవడం మన ఊరికి కొత్త అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. సింహాచలం గిరిప్రదక్షిణ ఏ నెలలో చేస్తాం? ఆషాఢ పౌర్ణమికి. కొండకింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం మీదుగా ఇదే ముడసర్లోవ రోడ్డున హనుమంతవాక చేరి, అప్పూఘర్ దగ్గర సముద్రం చూసి, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండకిందికి 32 కిలోమీటర్లు. లక్షల మంది, ఉత్త కాళ్ళతో, రాత్రంతా. వాన పడితే ప్లాస్టిక్ కవరు నెత్తిన వేసుకుని నడుస్తారు తప్ప ఆగేవాళ్ళని నేను చూడలేదు. దారిపొడుగునా మజ్జిగ, పులిహోర, కాళ్ళకి నూనె రాసేవాళ్ళు. చుట్టూ తిరగడం అంటే ఏమిటో, కొండని అన్ని వైపుల నుంచీ చూడటం అంటే ఏమిటో మన పెద్దవాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు. ఆ రాత్రి ముడసర్లోవ పక్కనుంచి నడిచి వెళ్ళే లక్షల మందిలో చాలామందికి ఎడమో కుడో చీకట్లో ఒక రిజర్వాయరు ఉందన్న ధ్యాస ఉండదు. పోనీ, ఆ రోజు వాళ్ళ ధ్యాస స్వామి మీద ఉంటుంది, అది సరే. మిగతా రోజుల సంగతే నేను అడుగుతున్నది.

వానాకాలం అంటే ఆషాఢ శ్రావణాలే అనుకోకండి. మనకి ఏడాదిలో ఎక్కువ వాన పడేది అక్టోబరులో. నైరుతి తగ్గి ఈశాన్యం మొదలయ్యే రోజులు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు లేచే రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కూడా అప్పుడే. ఆ తుపాను తర్వాత ఊరి చుట్టూ కొండలు ఎలా ఉండేవో ఇక్కడున్నవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆకు లేదు. నిలబడ్డ చెట్లు కూడా మాడినట్టు గోధుమరంగులో ఉండేవి. కంబాలకొండ వైపు చూస్తే రాయీ మన్నూ కనిపించేవి. మళ్ళీ పచ్చబడటానికి ఏళ్ళు పట్టింది. అది గాలి చేసిన పని, ఎవరినీ అనలేం. పచ్చబడ్డాక మనం మన చేతులతో ఆ వాలుని ఏం చేస్తున్నామన్నది మాత్రం మన బాధ్యతే.

దీనికి పక్క రాష్ట్రం నుంచి ఒక పాఠం ఉంది. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచింది. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. వాటికి నీరు వచ్చే నేలని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు, చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ఇంకో జీవో ఇచ్చారు. మళ్ళీ దాని మీద గొడవ. గట్టు కట్టడం, గేట్లు పెట్టడం ఇంజినీరు పని, అది కొన్నేళ్ళలో అయిపోతుంది. నీరొచ్చే నేలని అలాగే ఉంచడం తరతరాల పని. పార్టీలు మారినా, భూమి ధర పెరిగినా నిలబడాలి. అందుకు ఆ నేలని వానలో చూసిన జనం కావాలి. ఎండలో చూసినవాళ్ళకి అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ఖాళీ స్థలం కనిపిస్తే మన ఊళ్ళో ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే "సుందరీకరణ" అనగానే నాకు గుండె గుభేలుమంటుంది. గట్టు చుట్టూ టైల్సు పరిచిన వాకింగ్ ట్రాక్, గెడ్డ దిగే చోట సిమెంటు కాలువ, రెండు వైపులా రెయిలింగు, మధ్యలో ఫౌంటెన్. నడిచేవాళ్ళం మేమే కదా, మాకు టైల్సు బాగుండవా అంటారు. బాగుండవు. మొదటి వానకే నాచు పట్టి జారేవి అవే. గెడ్డ నోటి దగ్గర ఆకులూ రాళ్ళూ అడ్డం పడి నీటిని నెమ్మదింపజేస్తున్నాయి, మన్ను అక్కడే దింపుతున్నాయి. సిమెంటు వేస్తే ఆ మన్నంతా నేరుగా లోపలికి. పిన్నిగారి మోకాళ్ళకి గట్టి దారి కావాలి, నిజమే. గట్టు మీద గ్రావెల్ వేసి తొక్కించిన దారి చాలు, అది నీళ్ళు పీల్చుకుంటుంది, జారదు. ఖర్చూ తక్కువే. గెడ్డల నోళ్ళు ముట్టుకోవద్దు. రోడ్డు కాలువ లోపలికి చేరే ముందు ఒక తొట్టెలాంటిది కట్టి మన్నూ చెత్తా అక్కడ ఆగేలా చేసి, వానాకాలానికి ముందూ మధ్యలోనూ శుభ్రం చేస్తే సగం పని అయినట్టే.

ఊళ్ళో ఇంకో పార్కులో ఒకసారి వానొస్తోందని మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. "ఎవరైనా పడితే మాకు మాటొస్తుందండీ" అన్నాడు కాపలా అతను. అతని భయం అతనిది, అతన్ని తప్పుపట్టను. పైవాళ్ళు ఒక నియమం రాసివ్వాలి. ఆరెంజ్, రెడ్ అయితే మూయాలి, ఉరుములుంటే మూయాలి, ఊరికే వానైతే తెరవాలి. అలా రాసి అతికిస్తే అతనికీ మాకూ వాదన ఉండదు.

మేం ఇప్పుడు అడుగుతున్నది ఇంకా చిన్నది. ముడసర్లోవ గేటు పక్కన ఒక నల్లబల్ల. నిన్న పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఇవాళ పొద్దున ఎనిమిదిన్నర దాకా పడిన వాన ఎన్ని మిల్లీమీటర్లు, ఇవాళ నీటిమట్టం ఎంత, నిండుమట్టం ఎంత. మూడు అంకెలు. రైల్వే స్టేషన్లో బండి ఎంత ఆలస్యమో రాస్తారు, పెట్రోలు బంకులో ఇవాళ్టి ధర రాస్తారు. తాగే నీళ్ళ సంగతి కూడా నడిచి వచ్చినవాళ్ళ కళ్ళపడాలి. డిగ్రీ కుర్రాళ్ళు తక్కువ ఖర్చులో వానమాపకం ఎలా పెట్టాలో కనుక్కుంటున్నారు. పిన్నిగారి మనవరాలు ఇప్పటికే తన డాబా మీద స్కేలు అతికించిన సీసా పెట్టి రోజూ కొలుస్తోంది, మా గుంపులో ఆ అంకె వేస్తోంది. మాస్టారు ప్రతి పొద్దునా నడకకి వచ్చినప్పుడు బల్ల మీద రాసి వెళ్తానని ఒప్పుకున్నారు, ఆయన రాలేని రోజు రాయడానికి ఇద్దరు ముందుకొచ్చారు. బల్లా సుద్దముక్కలూ మేమే కొంటాం. మాకు కావలసింది నీటిమట్టం చూసి చెప్పేందుకు లోపలివాళ్ళ అనుమతి, గేటు పక్కన నాలుగడుగుల గోడ.